ముదిరి రాలే కణమే చర్మానికి కాపు

దోహాలో సి-రింగ్ రోడ్డు దగ్గరి పాత పేటల్లో నజ్మా ఒకటి. పాత సామాన్లు అమ్మే సూక్ హరాజ్, హార్డ్‌వేర్ దుకాణాలు, గదులు పంచుకుని ఉండే కూలీలు, చిన్న ఉద్యోగాల కుటుంబాలు, మెస్సులు, సెలూన్లు అన్నీ అక్కడే. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి ఖతార్ చేరినవాళ్లకు తెలిసిన చోటు. కెరాటిన్ అన్న మాట ఇలాంటి పేటల్లో వినబడేది ఎక్కువగా సెలూన్లలోనే, జుట్టుకు కెరాటిన్ పట్టిస్తామన్న ప్రకటనగా. కానీ తాపీమేస్త్రీ అరచేతిలో కాయలు కాచి ఉన్నదీ కెరాటినే. రాత్రంతా ఏసీ గదిలో పడుకున్నవాడి మడమ మీద పగిలి కనబడేదీ కెరాటినే. గజ్జల్లో పుట్టిన తామర తినేదీ కెరాటినే. ఈ ఒక్క ప్రోటీను గురించి గత వందేళ్లలో తెలిసిన సంగతుల్ని దగ్గరగా పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టంగా తేలుతుంది. కెరాటిన్‌ను పైనుంచి పూయలేం. బతికున్న కణం దాన్ని తన లోపల తయారుచేసుకుని, ముదిరి, చనిపోతూ ఒంటికి వదిలి వెళ్తుంది. ఆ ముదరడం తగిన వేగంతో, తగిన వరుసలో జరిగినంత కాలమే చర్మం చర్మంగా ఉంటుంది.

ముందు సెలూన్ సంగతి తేల్చేయాలి. వెంట్రుక చర్మం దాటి బయటికి వచ్చేసరికి అందులో ప్రాణమున్న కణం మిగలదు. గంధకం ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లం కెరాటిన్ పోగుల్ని ఒకదానితో ఒకటి గట్టిగా బంధించి ఉంచుతుంది. తిరుమలలో సమర్పించిన తలనీలాలు చెడకుండా విగ్గులై దేశాలు దాటగలుగుతున్నాయంటే ఆ బంధాల బలమే కారణం. సీసాలోని కెరాటిన్ ముక్కలు ఆ అల్లికలోకి చేరి కొత్త పోగులు కాలేవు. జుట్టు సాపుగా కావడానికి అసలు కారణం ఫార్మాల్డిహైడ్‌ను వదిలే రసాయనమో, గ్లైఆక్సిలిక్ ఆమ్లమో, దాని మీద నడిపే వేడి ఇస్త్రీయో. ఫార్మాల్డిహైడ్ మనిషికి క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 2011లో సెలూన్లను హెచ్చరించింది. గ్లైఆక్సిలిక్ ఆమ్లం ఉన్న క్రీముతో జుట్టు సాపు చేయించుకున్న ప్రతిసారీ మూత్రపిండాలు దెబ్బతిన్న ఒక యువతి ఉదంతాన్ని ఫ్రెంచి వైద్యులు 2024లో ప్రచురించారు. ఎలుకల మీద పరీక్షిస్తే వాటి మూత్రపిండాల్లో ఆక్సలేట్ స్ఫటికాలు కనబడ్డాయి. చేయించుకునేవాళ్ల కన్నా, గాలి ఆడని గదిలో రోజూ ఈ పొగ పీల్చే పనివాళ్ల గురించే ఎక్కువగా దిగులుపడాలి.

అసలు తయారీ జరిగేది బాహ్యచర్మం అట్టడుగున. అక్కడ ఒకే వరుసలో నిలిచిన కణాలు విభజన చెందుతూ ఉంటాయి. వాటిలో కె5, కె14 అనే రెండు కెరాటిన్లుంటాయి. ఏ కెరాటినూ ఒంటరిగా పోగు కట్టలేదు. ఆమ్ల గుణమున్న మొదటి రకంలో ఒకటి, క్షార గుణమున్న రెండో రకంలో ఒకటి జతకూడాలి. అప్పుడే సుమారు 10 నానోమీటర్ల మందమున్న పోగు పుడుతుంది. మనిషిలో పనిచేసే కెరాటిన్ జన్యువులు 54. ఒక్క కె18 జన్యువును మినహాయిస్తే, మొదటి రకంవన్నీ 17వ క్రోమోజోము మీద, రెండో రకంవి 12వ క్రోమోజోము మీద గుంపుగా ఉన్నాయి. చర్మంలో ఒక జత, కనుపాపను కప్పే పొరలో ఇంకో జత, గోళ్లలో వేరే జతలు. ఏ కణం ఏ జతను తయారుచేస్తోందో చూసి అది ఒంట్లో ఎక్కడిదో చెప్పవచ్చు. క్యాన్సర్ గడ్డ ఏ అవయవంలో మొదలైందో తేల్చడానికి పాథాలజిస్టులు వాడే రంగు పరీక్షల్లో కొన్ని దీని మీదే ఆధారపడ్డాయి.

అడుగు పొరను వదిలి పైకి కదిలిన కణం ఇక విభజన చెందదు. కె5, కె14ల కొత్త తయారీ ఆగిపోయి కె1, కె10 మొదలవుతాయి. అరచేతుల్లో, అరికాళ్లలో వీటికి కె9 తోడవుతుంది. ఈ మార్పుకు ముఖ్యమైన సైగ కాల్షియం. 1980లో అమెరికాలో హెన్నింగ్స్, యుస్పా బృందం ఎలుక చర్మ కణాల్ని కాల్షియం బాగా తక్కువగా ఉన్న ద్రావణంలో పెంచింది. అవి విభజన చెందుతూనే పోయాయి. కాల్షియం పెంచగానే పక్క కణాలతో బిగుసుకుని, విభజన మాని, ముదరడం మొదలుపెట్టాయి. చర్మంలోనూ అడుగున కాల్షియం తక్కువ, పైకి పోయేకొద్దీ ఎక్కువ. అసలు ఇలాంటి కణం పుట్టాలంటే పి63 అనే జన్యువు ఉండాలి. 1999లో ఆ జన్యువు తీసేసిన ఎలుకపిల్లలు బాహ్యచర్మమే లేకుండా పుట్టి, ఒంట్లో నీరు ఇంకిపోయి చనిపోయాయి.

ఇంకా పైకి వెళ్లి, రాలే పొరకు కింద ఉండే గుళికల పొర చేరిన కణంలో చాలా పనులు ఒకేసారి జరుగుతాయి. ట్రాన్స్‌గ్లుటామినేజ్ అనే ఎంజైము ఇన్‌వొల్యూక్రిన్, లోరిక్రిన్ ప్రోటీన్లను కణం అంచున కలిపి కుట్టి గట్టి తొడుగు చేస్తుంది. సన్నని తిత్తుల్లో దాచుకున్న కొవ్వులు కణం బయటికి వచ్చి పడతాయి. కేంద్రకం కరిగిపోతుంది. ఫిలాగ్రిన్ అనే ప్రోటీను కెరాటిన్ పోగుల్ని దగ్గరగా కట్టలు కడుతుంది. కట్టలు కట్టాక ఫిలాగ్రిన్ పని అయిపోదు. అది అమైనో ఆమ్లాలుగా విడిపోయి, నీటిని పట్టి ఉంచే పదార్థంగా ఆ చచ్చిన కణంలోనే నిలిచిపోతుంది. ఇది ఎంత విడిపోవాలో నిర్ణయించేది బయటి గాలిలోని తేమ అని 1986లో స్కాట్, హార్డింగ్ అనే ఇద్దరు పరిశోధకులు అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల్లో చూపించారు. గాలి నిండా తేమ ఉంచితే ఫిలాగ్రిన్ విడిపోలేదు. చనిపోయిందనుకున్న పొర కూడా వాతావరణాన్ని గమనించి నడుచుకుంటుందన్న ఈ సంగతి దోహాలో ఉండేవాళ్లకు మరీ ముఖ్యం. ఉక్కపోసే వీధికీ, పొడి గాలి తిరిగే ఏసీ గదికీ మధ్య వాళ్ల చర్మం రోజూ తిరుగుతూ ఉంటుంది.

ఇలా తయారైన పై పొరను శాన్‌ఫ్రాన్సిస్కో చర్మవైద్యుడు పీటర్ ఎలియాస్ 1983లో గోడతో పోల్చారు. కెరాటిన్ నిండిన కణాలు ఇటుకలు. సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు వాటి మధ్య మాలు. మేస్త్రీలకు వెంటనే బోధపడే పోలిక ఇది. ఇటుక ఎంత మంచిదైనా మాలు లేని గోడలోంచి నీరు కారుతుంది. చివరికి కణాల మధ్య ముడుల్ని ఎంజైములు తెంపేస్తే అవి కంటికి కనబడకుండా రాలిపోతాయి. అడుగున పుట్టిన కణం పైకి వచ్చి రాలడానికి సుమారు నెల రోజులు పడుతుంది.

కెరాటిన్ పోగు ఆకారం కోసం వెతుకులాట గొర్రె ఉన్నితో మొదలైంది. 1930లలో ఇంగ్లండులోని లీడ్స్‌లో విలియం ఆస్ట్‌బరీ ఉన్ని మీద ఎక్స్‌రేలు పంపి చూశారు. 1951లో లైనస్ పాలింగ్ ఆల్ఫా సర్పిలాన్ని ప్రతిపాదించారు. కెరాటిన్‌లో అలాంటి సర్పిలాలు ఒకదాని చుట్టూ మరొకటి మెలిపడి ఉంటాయని ఆ వెంటనే ఫ్రాన్సిస్ క్రిక్ చెప్పారు. మనిషి కెరాటిన్లకు పద్దు రాసిన ఘనత జర్మనీకి చెందిన మోల్, ఫ్రాంకెలది, 1982లో.

వైద్యానికి ఎక్కువ పనికొచ్చిన అడుగు మాత్రం 1975లో పడింది. హోవార్డ్ గ్రీన్, జేమ్స్ రైన్‌వాల్డ్ మనిషి చర్మ కణాల్ని గాజు పాత్రలో పెంచి చూపించారు. 1983లో అమెరికాలో ఒళ్లంతా కాలిన ఇద్దరు చిన్నపిల్లలకు, వాళ్ల సొంత కణాల నుంచి పెంచిన చర్మపు పొరలు కప్పి ప్రాణం నిలిపారు. 2015లో జర్మనీలోని బోహుమ్‌లో ఏడేళ్ల సిరియా బాలుడికి, జన్యువు సరిచేసిన కణాలతో పెంచిన బాహ్యచర్మాన్ని ఒంటి మీద దాదాపు 80 శాతం మేర అమర్చారు. ఇటలీకి చెందిన మికేలే డి లూకా బృందం ఆ పని చేసింది. ముట్టుకుంటే పొక్కిపోయే జబ్బుతో పుట్టిన పిల్లవాడు బడికి వెళ్లగలిగాడు.

జన్యువు నుంచి జబ్బు వైపు నడిచిన మొదటి పరిశోధనల్లో ఎలేన్ ఫక్స్ పని ఒకటి. గ్రీన్ దగ్గర పనిచేసి వచ్చిన ఆమె, 1991లో చెడిపోయిన కె14ను ఎలుకల్లో పెట్టి చూశారు. వాటి చర్మం చిన్న రాపిడికే బొబ్బలెక్కింది. ఇలాంటి లక్షణాలు మనుషుల్లో ఏ జబ్బులో ఉంటాయని వెతికితే ఎపిడెర్మోలిసిస్ బుల్లోసా సింప్లెక్స్ దొరికింది. అదే ఏడాది రోగుల జన్యువుల్లోనే ఆ లోపం బయటపడింది. కె14లో 125వ స్థానంలోని ఆర్జినిన్ మారితే జబ్బు తీవ్రంగా ఉంటుంది. కెరాటిన్ ఎందుకుందో అప్పుడు రుజువైంది. రాపిడిని తట్టుకునే బలం కణానికి ఇచ్చేది ఈ పోగులే. తర్వాత తలుపులు వరసగా తెరుచుకున్నాయి. 1992లో కె1, కె10 లోపాలు పొలుసులు కట్టే జబ్బుకు కారణమని తేలింది. 1994లో కె9 లోపం అరచేతుల్ని, అరికాళ్లని పసుపురంగు మందపాటి అట్టగా మారుస్తుందని, 1995లో కె6, కె16, కె17 లోపాలు గోళ్లను గట్టిపరచి అరికాళ్లలో నడవలేనంత నొప్పి పుట్టిస్తాయని తెలిసింది.

ఇక్కడ తెలుగు కుటుంబాలకూ, ఖతారీ కుటుంబాలకూ ఉమ్మడిగా పనికొచ్చే ఒక తేడా ఉంది. కెరాటిన్ జన్యువుల లోపాలు చాలావరకు ఒక్క నకలు చెడినా జబ్బు చేస్తాయి. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటుంది, లేదంటే బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. వీటికి మేనరికాన్ని నిందించి లాభం లేదు. తొడుగు, మాలు తయారీలోని లోపాలు వేరు. ట్రాన్స్‌గ్లుటామినేజ్-1 జన్యువు చెడితే వచ్చే లామెల్లార్ ఇక్థియోసిస్, ఏబీసీఏ12 చెడితే వచ్చే అతి తీవ్రమైన హార్లెక్విన్ ఇక్థియోసిస్ రావాలంటే అమ్మ నుంచీ నాన్న నుంచీ చెడిన నకలు అందాలి. మేనమామ, మేనత్త పిల్లల మధ్య పెళ్లిళ్లున్న చోట ఇలాంటివి ఎక్కువ. ఖతారీల్లో దగ్గరి చుట్టరికపు పెళ్లిళ్లు 54 శాతమని 2006లో ప్రచురించిన సర్వే చెప్పింది. దక్షిణాదిలో ఆ ఆచారం తగ్గుతున్నా పోలేదు. ఒంటిమీద పొరతో, పొలుసులతో బిడ్డ పుట్టిన ఇంట్లో శాపమనో పాపమనో అనుకునే కంటే జన్యు పరీక్ష చేయించడం మేలు. తర్వాతి కాన్పు గురించి ఆ పరీక్ష చెప్పగలిగినంత మరెవరూ చెప్పలేరు.

ఫిలాగ్రిన్ విషయంలో మలుపు 2006లో వచ్చింది. స్కాట్లండులోని డండీలో ఇర్విన్ మెక్‌లీన్ బృందం ఆ జన్యువు చెడితే చేప పొలుసుల లాంటి పొడిచర్మం వస్తుందని, ఎగ్జిమాకు కూడా అదే పెద్ద ముప్పు అని చూపింది. అంతవరకూ ఎగ్జిమాను ఎక్కువగా అలర్జీగానే చూసేవారు. ఆ తర్వాత చూపు చర్మపు గోడ మీదికి మళ్లింది.

ఈ కథలో హైదరాబాదుకు సొంత అధ్యాయం ఉంది. అది బడుగు పిల్లల మోచేతుల మీద, కళ్లలో రాసి ఉంది. విటమిన్ ఎ అందని ఎలుకల్లో తడిగా ఉండాల్సిన పొరలు గట్టిపడి చర్మంలా మారతాయని 1925లో వోల్‌బాక్, హౌ రాశారు. 1953లో ఇంగ్లండులో హానర్ ఫెల్, ఎడ్వర్డ్ మెలన్‌బీ దానికి తిరగేసిన ప్రయోగం చేశారు. కోడిపిల్ల పిండపు చర్మానికి విటమిన్ ఎ ఎక్కువగా ఇస్తే అది కెరాటిన్ మాని జిగురు స్రవించింది. కణం ఏ దారిన ముదరాలో తిండి నిర్ణయించగలదన్నమాట. 1918లో కూనూరులో చిన్నగా మొదలై 1958లో హైదరాబాదుకు మారిన ప్రయోగశాలే నేటి తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. సి. గోపాలన్ డైరెక్టరుగా ఉన్న కాలంలో అక్కడి పరిశోధకులు ఈ విషయాన్ని పల్లెల్లో చూశారు. విటమిన్ ఎ లేక పిల్లల కంటి తెల్లగుడ్డు పొడిబారి, కెరాటిన్ పేరుకుని మచ్చలు పడుతున్నాయి. ఆ దారి చివర అంధత్వం ఉంది. ఆరు నెలలకోసారి 2 లక్షల యూనిట్ల మోతాదు ఇస్తే ఆపవచ్చని ఈ సంస్థ పరీక్షలు చూపాయి. 1970లో మొదలైన జాతీయ కార్యక్రమానికి ఆధారం అదే.

చర్మం దగ్గర మాత్రం జవాబు అంత సూటిగా రాలేదు. మోచేతులు, మోకాళ్ల మీద వెంట్రుక కుదుళ్లలో కెరాటిన్ మేకుల్లా గరుకుగా తేలే జబ్బుకు 1933లో నికల్స్ అనే వైద్యుడు కప్పచర్మం అన్న అర్థంలో ఫ్రైనోడెర్మా అని పేరు పెట్టారు. అందరూ దాన్ని విటమిన్ ఎ లోపమే అనుకున్నారు. 1960లలో హైదరాబాదులో శ్రీకంఠయ్య, భవానీ బెలవాడి తదితరులు రోగుల్ని పరిశీలిస్తే కథ అక్కడితో ఆగలేదు. అత్యవసర కొవ్వు ఆమ్లాలకూ, బి విటమిన్లకూ దీనిలో పాత్ర ఉందని, కుసుమ నూనె లాంటివి మేలు చేస్తున్నాయని తేలింది. ఆ కారణం తర్వాతి దశాబ్దాల్లో అర్థమైంది. కుసుమ నూనెలో దండిగా ఉండే లినోలిక్ ఆమ్లం చర్మపు మాలులోని ఒక ముఖ్యమైన సెరమైడ్‌లో భాగం. ఒంట్లో అది తయారుకాదు, తిండిలోనే రావాలి. జీవకణ శాస్త్రం ఇంకా చేరని చోటికి పోషకాహార శాస్త్రం ముందే చేరుకున్న ఈ ఘట్టానికి పాఠ్యపుస్తకాల్లో తగినంత చోటు దొరకలేదు.

ఇంకో తెలుగు పేరు తప్పకుండా చెప్పాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను, దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను తెచ్చింది. సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు వాటిని రక్త క్యాన్సరున్న పిల్లల మీద వాడిన సంగతి తెలుగువాళ్లకు తెలుసు. 1948లో సుబ్బారావు చనిపోయారు. మూడేళ్ల తర్వాత 1951లో గబ్నర్ అనే వైద్యుడు కీళ్లవాతానికి అమినోప్టెరిన్ ఇస్తూ, సోరియాసిస్ కూడా ఉన్నవారి చర్మం తేటపడడం గమనించి రాశారు. సోరియాసిస్‌లో నెల పట్టాల్సిన కణం ప్రయాణం వారంలోపే ముగుస్తుంది. కె1, కె10 సరిగ్గా రావు, గాయం తగిలినప్పుడు రావాల్సిన కె6, కె16, కె17 వచ్చేస్తాయి. కేంద్రకం కరగకముందే కణం పైకి చేరి వెండి పొలుసుగా రాలుతుంది. ఈ తొందరను తగ్గించే మందు మెథోట్రెక్సేట్. 1970ల ఆరంభంలో అమెరికా దీన్ని సోరియాసిస్‌కు అనుమతించింది. ఇప్పుడు ఇన్‌ఫ్లమేషన్‌ను నేరుగా ఆపే ఇంజెక్షన్లున్నా, ఖరీదు భరించలేని రోగులకు ఇదే ఆధారం. అయితే సోరియాసిస్‌కు దీన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకున్న పొరపాటుకు ప్రాణాలు పోయాయి. గల్ఫ్‌కు ఊరి నుంచి మాత్రల డబ్బా తెప్పించుకునేవాళ్లు చీటీ మీద ఈ ఒక్క మాట పెద్దక్షరాలతో రాయించుకోవాలి.

నజ్మా లాంటి పేటలో ఈ శాస్త్రమంతా పనివాళ్ల ఒళ్లలో కనబడుతుంది. గునపం పట్టిన చేతిలో ఒత్తిడికి కె6, కె16 లేచి, అడుగు కణాలు వేగంగా పుట్టి, పై పొర మందమెక్కి కాయ కాస్తుంది. అది శరీరం పనికి ఇచ్చిన సరైన జవాబు. పచ్చి సిమెంటు తగిలినచోట మాత్రం ఆ జవాబు చాలదు. దాని క్షారం చర్మపు కొవ్వుల్ని విడగొట్టి ఎంజైముల లయను తప్పిస్తుంది. అందులోని ఆరు వేలెన్సీల క్రోమియం లోపలికి దిగి అలర్జీ పుట్టిస్తుంది. ఒకసారి పుట్టిన ఆ అలర్జీ చాలామందిలో ఏళ్ల తరబడి ఉంటుంది. సిమెంటులో ఐరన్ సల్ఫేట్ కలిపి ఈ క్రోమియాన్ని తగ్గించాలని డెన్మార్క్ 1983లో చట్టం చేసింది. యూరోపియన్ యూనియన్ 2005 నుంచి పది లక్షల్లో 2 వంతులకు మించకూడదని నియమం పెట్టింది. ఇంత చవకైన పరిష్కారం ఉన్నప్పుడు సిమెంటు వాడే ప్రతి దేశమూ దాన్ని చట్టంగా పెట్టుకోవాలి.

వేడి ఇంకో సంగతి. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా ఆరుబయట పని ఆపాలని, వేడి, తేమ కలిపి కొలిచే సూచీ 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా ఆపాలని ఖతార్ 2021లో నియమం తెచ్చింది. ఇది గుండెను, మూత్రపిండాలను కాపాడే నియమం, కానీ చర్మానికీ మేలే. గంటల తరబడి చెమటలో నానిన పై పొర ఉబ్బి, చెమట గొట్టాల నోళ్లు మూసుకుపోవడం వల్లే చెమటకాయలు పుడతాయి.

అదే నానిన చర్మం తామరకు అనువైన చోటు. డెర్మటోఫైట్ బూజులు కెరాటిన్‌ను కరిగించే ఎంజైములతో పై పొరను తిని బతుకుతాయి. గత పదేళ్లుగా భారతదేశంలో మొండి తామర పెరిగిపోయింది. దానికి కారణమైన బూజును జపాన్ పరిశోధకులు 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినీ అన్న కొత్త జాతిగా గుర్తించారు. టెర్బినాఫిన్ మందు దీని మీద తరచుగా పనిచేయదు. 2023లో న్యూయార్క్‌లో కూడా కనబడిందని అమెరికా ప్రకటించింది. దీన్ని ఇంతగా ముదిరించినవాటిలో క్లోబెటసాల్, బెటామెథసోన్ లాంటి బలమైన స్టెరాయిడ్లను బూజు మందుతో కలిపిన క్రీములది పెద్ద పాత్ర. రాసిన పూటకు దురద తగ్గుతుంది. కానీ స్టెరాయిడ్ అక్కడి రక్షణను అణచేస్తుంది, కణాల విభజనను తగ్గించి చర్మాన్ని పల్చబరుస్తుంది, బూజు లోతుగా పాకుతుంది. 2018లో భారత ప్రభుత్వం ఇలాంటి క్రీముల్ని చీటీ లేకుండా అమ్మరాదని ఆదేశించింది. అయినా సెలవుకు వెళ్లొచ్చినవారి సంచుల్లో ఇవి గల్ఫ్ చేరుతూనే ఉన్నాయి.

గదిలో నలుగురుండి తువ్వాళ్లు, లుంగీలు కలిపి వాడేచోట ఒకరికి తామర వస్తే అందరూ డాక్టరుకు చూపించుకోవాలి. సిమెంటు తగిలిన చేతిని ఆ నిమిషమే మంచినీళ్లతో కడగాలి, సాయంత్రం దాకా ఆగొద్దు. స్నానం చేసి ఒళ్లు తడిగా ఉండగానే పెట్రోలియం జెల్లీ రాస్తే పగిలే మడమలకు చాలావరకు అదే చాలు. ఊరి నుంచి తెచ్చిన ట్యూబు మీద క్లోబెటసాల్ అని గాని బెటామెథసోన్ అని గాని ఉంటే దాన్ని తామరకు వాడొద్దు, పక్క మంచం వాళ్లకు ఇవ్వొద్దు.